మాక్‌బెత్‌ను ఈ కాలపు సినిమాగా రాయడం ఎలా?

రాజు దగ్గర నమ్మకంగా పనిచేసే సేనాపతి. ‘నువ్వే రాజువవుతావు’ అని దారిలో ముగ్గురు మంత్రగత్తెలు చెబుతారు. భార్య పురిగొల్పుతుంది. తన ఇంటికి అతిథిగా వచ్చిన రాజుని నిద్రలో పొడిచి చంపి సింహాసనం ఎక్కుతాడు. దాన్ని నిలబెట్టుకోవడానికి ఇంకో హత్య, ఆపైన మరొకటి. చివరికి తలే పోతుంది.

షేక్‌స్పియర్ విషాద నాటకాల్లో అన్నిటికన్నా చిన్నది ఇదే. దీన్ని ముంబై మాఫియాలోకి, అమెరికా హోటల్లోకి, కేరళ తోటల్లోకి తెచ్చిన సినిమాలున్నాయి. ‘మన దగ్గర పెట్టి రాస్తే ఎలా ఉంటుంది?’ అని రాసేవాళ్లు అనుకోవడం చాలాసార్లు విన్నాను. నేనూ అనుకున్నాను. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో పెట్టి మూడేళ్లలో నాలుగు డ్రాఫ్టులు రాశాను. మొదటి మూడూ నిలబడలేదు. అవి ఎందుకు పడిపోయాయో, నాలుగోదాంట్లో ఏం మారిందో చూసుకున్నాక తయారైన పద్ధతి ఇది.

కత్తి తీసేసి తుపాకీ పెడితే కథ ఈ కాలానికి రాదు. నాటకంలో విరిగిన నమ్మకం ఎంత బరువైందో, అంత బరువైన నమ్మకం మీరు ఎంచుకున్న లోకంలో ఎక్కడుందో వెతకాలి. మిగతా మార్పులన్నీ దాని వెనకే వస్తాయి.

మొదటి మెట్టు: నాటకాన్ని రెండుసార్లు చదవండి

మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని మూడు విషయాల కింద గీతలు గీయండి: నిద్ర గురించి ఎక్కడెక్కడ వచ్చింది, చేతుల గురించి ఎక్కడ వచ్చింది, ఎవరు ఎవరి ఇంట్లో భోజనం చేస్తున్నారు. కథ నడిచేది ఈ మూడింటి మీదే అని మీకే కనిపిస్తుంది.

తర్వాత రాజు హత్య ఎక్కడుందో చూడండి. ఐదు అంకాల నాటకంలో రెండో అంకం రెండో రంగంలోనే అయిపోతుంది. నా మొదటి డ్రాఫ్టులో హత్యని ఇంటర్వెల్‌కి పెట్టాను. బ్యాంగ్ బాగుంటుందనుకున్నాను. అలా పెట్టేసరికి మొదటి సగమంతా ‘చంపుతాడా, చంపడా’ అనే సస్పెన్స్ అయింది, రెండో సగం పోలీసు కథ అయింది. షేక్‌స్పియర్‌కి కావల్సింది అది కాదు. కోరుకున్నది చేతికొచ్చాక మనిషి ఏమవుతాడనేది చూపించడానికి ఆయన మూడు అంకాలకు పైగా ఉంచుకున్నాడు. రెండు గంటల సినిమా అయితే నలభయ్యో నిమిషం లోపే హత్య అయిపోవాలి.

రెండో మెట్టు: మార్చే హక్కు మీకుందని నమ్మండి

‘అంత గొప్ప నాటకాన్ని మార్చడమా’ అని చేయి వణుకుతుంది. షేక్‌స్పియర్ ఏం చేశాడో తెలిస్తే ఆ వణుకు తగ్గుతుంది. నిజం మాక్‌బెత్ 1040 నుంచి 1057 దాకా, పదిహేడేళ్లు స్కాట్లాండ్‌ని ఏలాడు. నాటకంలో హత్యకు గురయ్యే రాజు డంకన్ నిజంగా చనిపోయింది పడకమీద కాదు, యుద్ధంలో. షేక్‌స్పియర్ హోలిన్‌షెడ్ రాసిన చరిత్ర గ్రంథం తీసుకుని, అందులో డఫ్ అనే వేరే రాజుని కోటలో అతిథిగా ఉండగా చంపించిన కథని డంకన్ కథకి అతికించాడు. హోలిన్‌షెడ్‌లో మాక్‌బెత్ స్నేహితుడు బాంక్వో కూడా కుట్రలో భాగస్థుడే. కానీ 1603లో ఇంగ్లండ్ సింహాసనం ఎక్కిన జేమ్స్ రాజు తనది బాంక్వో వంశమని చెప్పుకునేవాడు. అందుకని నాటకంలో బాంక్వో మంచివాడైపోయాడు. 1606 ప్రాంతంలో రాసిన ఈ నాటకం ఆనాటికి ఈ కాలపు అనుసరణే.

ఇంకో సంగతి. మూల నాటకం మీద ఎవరికీ హక్కులు లేవు. కానీ తెలుగు అనువాదాల మీద ఉండొచ్చు, సినిమాలు కొత్తగా కల్పించిన వాటి మీద కచ్చితంగా ఉంటాయి. మూలం నుంచి తీసుకోండి, ఇంకో సినిమా నుంచి తీసుకోకండి.

మూడో మెట్టు: లోకాన్ని ఎంచుకోండి

మీరు ఎంచుకున్న చోటుకి ఒక పరీక్ష పెట్టండి: పైవాడిని చంపితే కిందవాడికి కుర్చీ వస్తుందా? కార్పొరేట్ ఆఫీసులో రాదు. సీఈఓ చనిపోతే బోర్డు ఇంకొకరిని తెస్తుంది. మాఫియాలో వస్తుంది. ఒక్కడి చేతిమీద నడిచే హోటల్లో వస్తుంది. ఆస్తి అంతా తండ్రి గుప్పిట్లో ఉన్న ఇంట్లో వస్తుంది.

విశాల్ భరద్వాజ్ ‘మక్బూల్’ (2003) ముంబై నేర ప్రపంచంలో జరుగుతుంది. పంకజ్ కపూర్ వేసిన అబ్బాజీ అక్కడ రాజు. ‘స్కాట్లాండ్, పీఏ’ (2001) డెబ్బైల నాటి పెన్సిల్వేనియాలో ఒక బర్గర్ హోటల్లో జరుగుతుంది. దిలీష్ పోతన్ తీసిన ‘జోజి’ (2021) కేరళలో తోటలున్న ఒక కుటుంబం ఇంటిచుట్టూ తిరుగుతుంది. కిరీటం ఎంత పెద్దదన్నది ముఖ్యం కాదని ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. జోజికి కావల్సింది తండ్రి పెత్తనం పోవడం, చేతిలో డబ్బు ఆడడం. అంతే. అయినా భయం వేస్తుంది.

రెండో పరీక్ష కూడా ఉంది. అందరూ ఒకరికొకరు కేకవేస్తే వినపడేంత దూరంలో బతకాలి. ఈ కథకి ఊపిరాడని ఇరుకు కావాలి.

నేను రొయ్యల చెరువులు ఎంచుకున్నది మా అన్నయ్య, అంటే పెద్దనాన్నగారి అబ్బాయి, వాటిమీదే బతుకుతున్నాడు కాబట్టి. వందల ఎకరాలున్న ఒక పెద్దాయన. ఆయన చెరువులన్నీ చూసుకునే మేనేజరు, వరసకి మేనల్లుడు. అమెరికాలో ఉద్యోగం చేసుకునే పెద్దాయన కొడుకు. లోకం సరిపోయింది. సరిపోయినా మొదటి మూడు డ్రాఫ్టులూ పోయాయి.

నాలుగో మెట్టు: నమ్మకాన్ని రెండు పేటలుగా అల్లండి

తొందరపడకుండా నిలబడాల్సిన చోటు ఇదే.

మొదటి అంకం ఏడో రంగంలో మాక్‌బెత్ తనలో తాను లెక్క వేసుకుంటాడు. రాజు నా దగ్గర రెండు రకాల నమ్మకంతో ఉన్నాడు: నేను ఆయన బంధువుని, సేవకుణ్ని, అదొకటి. ఆయనకి ఆతిథ్యం ఇచ్చినవాణ్ని, హంతకుడు రాకుండా తలుపు మూయాల్సినవాణ్ని, అది రెండు. అలాంటి నేనే కత్తి పట్టుకోవడమా? ఇంత తెలిసీ చేస్తాడు. తెలియక చేస్తే ఇది నేరకథ అయ్యేది. తెలిసి చేశాడు కాబట్టి విషాదమైంది.

దానికి ముందు నాలుగో రంగం చూడండి. డంకన్ మాక్‌బెత్‌ను ఆకాశానికెత్తి, అదే నోటితో, అక్కడికక్కడే తన కొడుకు మాల్కమ్‌ని వారసుడిగా ప్రకటిస్తాడు. ఆ రాత్రి మాక్‌బెత్ ఇంటికి వచ్చి, ఇంటి ఇల్లాలికి వజ్రం కానుకగా పంపిస్తాడు. రాజు చెడ్డవాడు కాడు. ప్రేమగలవాడు, కానీ ఎదుటివాడి మనసులో ఏముందో చూడలేనివాడు. మీ పెద్దాయన్ని దుర్మార్గుణ్ని చేస్తే కథ సులువవుతుంది, చప్పగా కూడా అవుతుంది. (‘జోజి’లో తండ్రి కఠినుడే. ఆ సినిమా ఆ ధర చెల్లించి, బదులుగా వేరే భయాన్ని కొనుక్కుంది. అంత చేయి తిరిగినవాళ్లయితే తప్ప అటు వెళ్లొద్దు.)

నా కథలో ఇది ఇలా కుదిరింది. మేనేజరు కొత్త ఇల్లు కట్టుకున్నాడు, చెరువుల పక్కనే. గృహప్రవేశానికి పెద్దాయన వచ్చాడు. పంక్తిలో మేనేజరుని పక్కన కూర్చోబెట్టుకుని ‘వీడు లేకపోతే నాకు చెరువులే లేవు’ అన్నాడు. అతని భార్యకి జత బంగారు గాజులు చదివించాడు. పెరుగన్నం దగ్గరకొచ్చాక, ఆనందంగా, ‘అబ్బాయి వచ్చే నెల నుంచి ఇక్కడే ఉంటాడ్రా. వ్యాపారం వాడికి నేర్పాలి నువ్వు’ అన్నాడు. పక్కనే ఉన్న అబ్బాయి నవ్వుతూ, ‘అందరూ కౌంట్ కౌంట్ అంటున్నారు, ఏంటది?’ అని అడిగాడు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. పదేళ్ల పిల్లాడికి కూడా తెలిసిన మాట అది ఆ ఊళ్లో.

మేనేజరు ఆ మాటకి జవాబు చెబుతాడు, మర్యాదగా. హత్య అక్కడే మొదలవుతుంది.

మరి చంపడం ఎలా? మొదటి మూడు డ్రాఫ్టుల్లో కత్తి, విషం, కారు ప్రమాదం. మూడూ ఎక్కడైనా జరగొచ్చు. చెరువుల దగ్గరే ఎందుకు జరగాలో జవాబు లేదు. డ్రాఫ్టు చదివిన మా అన్నయ్య హత్య సంగతి వదిలేసి, ఇంకో తప్పు చూపించాడు. రాత్రి సీన్లో ‘అంతా నిశ్శబ్దం’ అని రాశాను. ‘చెరువుల దగ్గర నిశ్శబ్దం ఎక్కడుంటుందిరా? ఏరేటర్లు తిరుగుతుంటేనే మాకు నిద్ర పడుతుంది. అవి ఆగాయా, చచ్చినోడైనా లేచి కూర్చుంటాడు’ అన్నాడు.

ఏరేటర్లంటే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, జనరేటర్ వెంటనే అందుకోకపోతే చెరువుకి చెరువే పోతుంది. అందుకని అక్కడి మనుషులు చప్పుడులో నిద్రపోతారు, నిశ్శబ్దానికి మెలకువ తెచ్చుకుంటారు.

నాలుగో డ్రాఫ్టులో మేనేజరు ఎవరినీ పొడవలేదు. తెల్లవారుజామున తన చెరువు ఏరేటర్లు తనే ఆపేశాడు. కొత్త ఇంట్లో పడుకున్న పెద్దాయన ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచి, ‘ఒరేయ్, నీ చెరువు పోతుందిరా’ అని అరుస్తూ, చెప్పులు కూడా లేకుండా చీకట్లో గట్టు మీదకి పరుగెత్తాడు. గట్టు మీద తెగిన కరెంటు తీగ ఉంది. మేనల్లుడి నష్టం ఆపడానికి పరుగెత్తి ఆయన చనిపోయాడు. జనరేటర్ దగ్గర తాగి పడుకున్న కాపలావాడి మీద నింద పడింది, నాటకంలో కాపలా భటుల మీద పడినట్టే.

హత్యయ్యాక మాక్‌బెత్‌కి ఒక గొంతు వినిపిస్తుంది: నువ్వు నిద్రని చంపేశావు, ఇక నీకు నిద్ర లేదు అని. నా మేనేజరుకి ఏ గొంతూ అవసరం రాలేదు. ఆ తర్వాత ఏరేటర్ తిరుగుతుంటే ఎప్పుడాగుతుందోనని నిద్ర పట్టదు, ఆగితే అసలే పట్టదు.

మీ లోకంలో ఇలాంటిది ఒకటి ఉంటుంది. ఆ పని చేసేవాళ్లకి మాత్రమే తెలుస్తుంది. వెళ్లి అడగండి.

ఐదో మెట్టు: మంత్రగత్తెలకి ఒక ఉద్యోగం ఇవ్వండి

జపాన్ దర్శకుడు కురొసావా 1957లో ‘త్రోన్ ఆఫ్ బ్లడ్’లో కథని జపాన్ యుద్ధాల కాలానికి తీసుకెళ్లి, ముగ్గురి బదులు అడవిలో రాట్నం తిప్పే ఒకే ఒక్క ఆత్మని పెట్టాడు. ‘మక్బూల్’లో ఓం పురి, నసీరుద్దీన్ షా వేసిన ఇద్దరు పోలీసులు జాతకచక్రాలు గీస్తారు. 2005లో బీబీసీ ఒక పెద్ద రెస్టారెంట్ వంటింట్లో పెట్టి తీసిన మాక్‌బెత్‌లో మంత్రగత్తెలు చెత్త ఎత్తే మనుషులు. ‘జోజి’లో అసలు లేరు.

నేను మొదట సోది చెప్పే ఆమెని పెట్టాను. చూడ్డానికి బాగుంది, కానీ ఆమె ఆ లోకపు మనిషి కాదు, బయటి నుంచి కథలోకి వచ్చిన అలంకారం. చివరికి రొయ్యల షెడ్డులో తలలు తీసే ముగ్గురు ఆడవాళ్లని పెట్టాను. ఏ చెరువు సరుకు ఎలా వస్తోందో, ఎవరి చెరువుకి తెగులు తగిలిందో, ఎవరు ఎవరికి బాకీయో ఆసాముల కన్నా ముందు వాళ్లకి తెలుస్తుంది. వాళ్లు చెప్పేది జోస్యమో, తెలిసిన సంగతో ప్రేక్షకుడు తేల్చుకోలేకపోవాలి. ఒక్క నియమం మాత్రం తప్పకండి: వాళ్లు ‘చంపు’ అని అనకూడదు. నాటకంలో అనరు. ఆ మాట మాక్‌బెత్ మనసులో తనే పుడుతుంది.

ఆరో మెట్టు: భార్యని రాక్షసిని చేయకండి

మన సీరియళ్ల అలవాటు కొద్దీ ఇక్కడ చేయి జారుతుంది. లేడీ మాక్‌బెత్ కఠినంగా మాట్లాడుతుంది, నిజమే. కానీ నిద్రపోతున్న రాజు తన తండ్రిలా కనిపించకపోయుంటే తనే ఆ పని చేసేదాన్నని ఆమే ఒప్పుకుంటుంది. అంటే చేయలేకపోయింది. హత్య తర్వాత మాక్‌బెత్ ఆమెకి ఏదీ చెప్పడం మానేస్తాడు. బాంక్వోని చంపించేటప్పుడు నీకు తెలియకపోవడమే మంచిదంటాడు. కలిసి చేసిన నేరం వాళ్లని కలిపి ఉంచలేకపోయింది.

నాటకంలో మూడో అంకం విందు తర్వాత ఆమె ఐదో అంకంలో నిద్రలో నడుస్తూ వచ్చేదాకా కనిపించదు. ఆ ఖాళీని సినిమా నింపుకోవాలి. కురొసావా ఆమెని గర్భవతిని చేసి, బిడ్డ చచ్చి పుట్టినట్టు పెట్టాడు. ‘మక్బూల్’లో మన హైదరాబాద్‌లో పుట్టిన టబు వేసిన నిమ్మీ, అబ్బాజీ ఉంచుకున్న మనిషి. ప్రేమించినవాడి కోసం ఆ పని చేయిస్తుంది, పుట్టబోయే బిడ్డ ఎవరిదన్న ప్రశ్న ఇద్దరినీ తినేస్తుంది. ‘జోజి’లో వదిన బిన్సీ దాదాపు ఏమీ చేయదు. చూస్తుంది, మాట్లాడదు. ఆ మౌనమే ఆమె వాటా.

ఏడో మెట్టు: మరకని మార్చండి

నాటకంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ, చేతిమీద లేని రక్తపు మరకని కడుక్కుంటూ ఉంటుంది. ఆ మరకని అలాగే ఉంచితే అది షేక్‌స్పియర్‌ది, మీది కాదు. ‘స్కాట్లాండ్, పీఏ’లో హోటల్ యజమాని మరిగే నూనెలో పడి చచ్చిపోయేటప్పుడు ఒక చుక్క ఎగిరి హంతకుడి భార్య చేతిమీద పడుతుంది. గాయం మానిపోయినా ఆమెకి కనిపిస్తూనే ఉంటుంది. ఆ హోటల్లో తప్ప ఇంకెక్కడా పుట్టని మరక అది.

నా కథలో అది నీచు వాసన అయింది. రాత్రి రెండింటికి మేనేజరు భార్య వంటింట్లో, లైటు వేయకుండా, వాడేసిన నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటూ ఉంటుంది. ఆ రోజు ఇంట్లో రొయ్యలే వండలేదు. చేతికి పెద్దాయన పెట్టిన గాజులు. రుద్దుతుంటే అవి సింకుకి తగిలి చప్పుడవుతాయి. ఆమె గాజులు తీయబోతుంది, చేయి వాచి రావు. భర్త గుమ్మంలో నిలబడి చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్లిపోతాడు. ఈ సీన్‌లో నేను ఒక్క డైలాగ్ కూడా రాయలేదు.

ఎనిమిదో మెట్టు: పిల్లాడి హత్యని తప్పించుకోకండి

షేక్‌స్పియర్ రాజు హత్యని తెరవెనక జరిపించాడు. నాలుగో అంకంలో, మాక్‌బెత్‌ని వదిలి వెళ్లిపోయిన ప్రభువు మాక్‌డఫ్ కొడుకుని మాత్రం మన కళ్లముందే చంపించాడు. రాజుని చంపేటప్పుడు మాక్‌బెత్ వణికాడు కాబట్టి మనం అతని వైపే ఉన్నాం. ఇక్కడ వణుకు లేదు, అవసరం కూడా లేదు. మనం అతన్ని వదిలేసేది ఇక్కడే. హీరో ఇమేజ్ పాడవుతుందని దీన్ని తీసేస్తే తర్వాతి పతనానికి అర్థం ఉండదు. రక్తం చూపించక్కర్లేదు, కానీ జరిగి తీరాలి.

తొమ్మిదో మెట్టు: అడవిని నడిపించండి

బిర్నమ్ అడవి నడిచి కోటమీదకి వచ్చేదాకా నీకు భయం లేదని మంత్రగత్తెలు రప్పించిన ఒక ఆకారం చెబుతుంది. సైనికులు కొమ్మలు నరికి అడ్డం పెట్టుకుని వస్తారు. ‘మక్బూల్’లో దాని బదులు సముద్రం ఇంటిదాకా రావడం. బీబీసీ కథలో పందులు ఎగరడం, పోలీసులు హెలికాప్టర్‌లో దిగుతారు (అక్కడ పోలీసుల్ని పందులని తిట్టడం వాడుక). 1995లో వచ్చిన ‘రిచర్డ్ III’ ఇంకో నాటకం, ఇంకో పదవీ పిచ్చి. అందులో గుర్రం కోసం అరిచే మాటని, జీపు చక్రాలు కూరుకుపోయిన చోట ఇయాన్ మెక్‌కెల్లెన్ చేత అరిపించారు. ఇది కూడా అలాంటి తెలివే.

తెలివి ఒక్కటే చాలదు. ఆ జోస్యం నిజమవడానికి హీరో చేసిన పనే కారణం కావాలి. షెడ్డులో ఆడవాళ్లు నా మేనేజరుతో, ‘ఈ చెరువుల్లోకి మళ్లీ వరి నడిచొచ్చేదాకా నిన్నెవరూ కదపలేరు’ అంటారు. ఒకప్పుడు అవన్నీ వరిచేలే. అతను నవ్వుకుంటాడు. ఆస్తి చేతికొచ్చాక ఆశ పెరిగి, పక్క పొలాల వైపు ఉప్పునీళ్లు వదులుతాడు, చవుడుబారిన నేలని చవగ్గా కొనేయొచ్చని. చివర్లో ఒక మంచు ఉదయం గట్టుమీద నుంచి చూస్తే ఒక పచ్చటి గీత కదిలి వస్తూ ఉంటుంది. నారుకట్టలు తలమీద పెట్టుకుని రైతులు. గట్లు తెంచి నాటడానికి వస్తున్నారు.

పదో మెట్టు: స్వగతాల్ని అనువదించకండి

భార్య చనిపోయిందని విన్నాక మాక్‌బెత్ పలికే ‘రేపు, రేపు, రేపు’ అనే ఆ గొప్ప మాటల్ని వాయిస్ ఓవర్‌లో పెట్టాలని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. పెట్టొద్దు. ఆ మాట ఏ పనిగా మారుతుందో చూడండి. భార్య చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నా మేనేజరు మేత లెక్క రాస్తున్నాడు. ఫోన్ పెట్టేసి, రేపటి తేదీ వేసి లెక్క రాస్తాడు. ఎల్లుండి తేదీ వేస్తాడు. పేజీ నిండేదాకా ఉత్త తేదీలే వేస్తూ పోతాడు.

మాటలు కావాల్సిందే అనిపిస్తే ‘రిచర్డ్ III’ మొదటి ప్రసంగం చూడండి. విందులో మైకు ముందు మొదలై, బాత్రూములో ఒంటరిగా కొనసాగి, అద్దంలోంచి మనల్ని చూసి మనతోనే మాట్లాడుతుంది. అలాంటి చోటు దొరికితేనే స్వగతం రాయండి.

ఆఖరి మెట్టు: కుర్చీలో ఎవరు కూర్చున్నారో చూపించండి

నాటకం మాల్కమ్ రాజవడంతో ముగుస్తుంది. 1971లో పొలాన్‌స్కీ తీసిన మాక్‌బెత్ అక్కడితో ఆగదు. మాల్కమ్ తమ్ముడు మంత్రగత్తెల గుహ వైపు వెళ్లడం చూపించి ముగిస్తుంది. ‘మక్బూల్’ ఆసుపత్రిలో ఒక పసిబిడ్డ దగ్గరకొచ్చేసరికి మక్బూల్‌గా వేసిన ఇర్ఫాన్ ఖాన్ చేతిలోంచి తుపాకీ జారిపోతుంది.

నేను చివరి షాట్ రాయడానికి ముందు మా అన్నయ్యకి కథంతా చెప్పాను, మాక్‌బెత్ పేరు ఎత్తకుండా. మీరూ నాటకం చదవని వాళ్లకి ఒకసారి అలా చెప్పి చూడండి, ఎక్కడ ఫోన్ చూసుకుంటారో అక్కడ దిద్దుకోవచ్చు. అంతా విని ఆయన ఒకటే అడిగాడు: ‘మరి ఆ అమెరికా కుర్రాడు?’

అందుకని ఇప్పుడు చివరి షాట్‌లో అతనున్నాడు. తెల్లవారుతోంది. చెరువులో రొయ్యల పట్టుబడి జరుగుతోంది. గట్టుమీద తండ్రి పడిపోయిన చోటే నిలబడి, బుట్టలోంచి ఒక రొయ్యని తీసి వేళ్ల మధ్య పట్టుకుని చూస్తాడు. షెడ్డు ఆడవాళ్లు ముగ్గురూ లారీ ఎక్కుతూ అతని వైపు చూస్తారు. అతను వాళ్లని చూడడు. పక్కనున్న కొత్త మేనేజరుని అడుగుతాడు: ‘కౌంట్ ఎంత?’